పాతిపెట్టిన గొంజా గెలలు

అరటి నుంచి అరటిని కాపాడటానికి వెలసిన సంస్థ ఈ భూమ్మీద మాదొక్కటే. పేరు కొత్త మొక్కల భద్రతా సంఘం. కంపాలాలో మాకు సొంత భవనం ఉంది, అందులో లిఫ్టు ఉంది (పైకి వెళ్లదు). కిజ్జా అనే నేను దానికి కార్యదర్శిని. నిబంధనలన్నీ నేనే రాశాను, అందుకే వాటిలో ఏముందో నాకు కూడా పూర్తిగా తెలియదు.

గొడవంతా గొంజాతో వచ్చింది. నిప్పుల మీద కాల్చుకుని తినే ఈ అరటి జన్యువుల్లోనే చారల తెగులు వైరస్ తరతరాలుగా నిద్రపోతూ ఉంటుంది. వానలు మొహం చాటేస్తే లేస్తుంది. ఆకుల మీద పసుపు చారలు పడతాయి, ఆ పైన చెట్టు గెల వేయదు. డాక్టర్ అసీమ్వే అనే శాస్త్రవేత్త జన్యు సవరణ చేసి, ఆ వైరస్ మళ్లీ లేవలేని మొక్కను పెంచింది. పెంచి ఊరుకోక మా దగ్గరికి తెచ్చింది.

"ఇందులో కొత్తగా ఏం చేర్చారమ్మా?" అన్నాను.

"ఏమీ చేర్చలేదండీ. వైరస్ ఉన్నచోట కోశాం, అంతే."

"చేర్చిందేమిటో చెప్పకపోతే అనుమతి ఎలా ఇస్తాం?"

"చేర్చనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి చెప్పమంటారు?"

"పోనీ, కోసిన ముక్కనైనా సంఘం ముందు పెట్టండి."

ఆవిడ నావైపు చాలాసేపు చూసింది. అది గౌరవమే అనుకున్నాను.

చివరికి దయతలచి, మసాకా రోడ్డు పక్కన ప్రయోగాత్మక సాగుకు ఒప్పుకున్నాం. పుప్పొడి పక్క తోటలకు పారిపోకుండా ముళ్లకంచె వేయించాం, కాపలా పెట్టాం. (గొంజాకు పనికొచ్చే పుప్పొడి ఉండదు. ఆ సంగతి కాపలావాడికి చెప్పలేదు, పాపం పిల్లలు గలవాడు.) ఆ ఏడు వానలు లేవు. చుట్టుపక్కల తోటలన్నీ చారలు పడ్డాయి. కంచె లోపల మాత్రం గెలలు నేలకు వంగాయి. నిబంధన ప్రకారం వాటిని సభ్యులందరి సమక్షంలో గొయ్యి తీసి పాతిపెట్టాలి.

పాతిపెట్టడానికి వెళ్తుంటే అందరికీ ఆకలేసింది. బస్సులాగే చోట కాల్చిన గొంజా అమ్మే నాలోంగో దగ్గర ఆగాం. కవలల్ని కన్నది కాబట్టి ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. నాకు మాత్రం పిల్లనిచ్చిన అత్తగారు. మాలో అత్తా అల్లుడూ ఎదురుపడరు గనక నేను కారులో వీపు తిప్పి కూర్చున్నాను. ఆవిడ తడక చాటు నుంచి పలకరించింది.

"అల్లుడుగారూ, ఆ కంచెలో గెలలు మంచివేనా?"

"చాలా మంచివండీ."

"మరి పాతెయ్యడం ఎందుకు?"

"మంచివని తేలాలి కదండీ."

"ఎట్టా తేలుద్ది?"

"తిని చూడాలి."

"ఎవరైనా తిన్నారా?"

"తినకూడదండీ, ఇంకా తేలలేదుగా."

తడక వెనక ఆవిడ నిప్పులు విసిరింది.

"నా తోట పోతోంది బాబూ," అంది. "మీ సారు వాళ్లు తింటున్నవే ఆఖరి కాయలు. ఒక్క పిలక ఇప్పించండి. మన దేశంలో అడిగినోళ్లకి పిలక లేదన్నోడు ఉన్నాడా?"

లేడు. అలా అన్న మొదటివాణ్ణి నేనే. నాకు సిగ్గేసింది. సిగ్గు విషయంలో మా నిబంధనలు ఏమీ చెప్పవు కాబట్టి వెళ్లి గెలలు పాతిపెట్టించాను.

అడిగితే కాదనని ఇరుగుపొరుగువాళ్లు అత్తగారికి తమ తోటల్లోంచి పిలకలిచ్చారు, పిలకలతో పాటు తెగులూ ఇచ్చారు. ఇక్కడ మా సంఘం చురుగ్గా చర్చిస్తూనే ఉంది. ఆఖరికి డాక్టర్ అసీమ్వే మొక్కకు అనుమతి వచ్చింది. ఒకే ఒక్క షరతు, అదీ నేనే పెట్టాను: ఫలితం కళ్లకు కనబడాలి గనక, చారల తెగులు సోకిన గొంజా తోటల్లోనే నాటాలి.

అలాంటి తోట కోసం నేనే స్వయంగా మసాకా రోడ్డంతా గాలించాను. ఎటు చూసినా మొక్కజొన్న. అత్తగారి పొయ్యి మీద కూడా కంకులే కాలుతున్నాయి.

"మీ తోటలో తెగులు ఎలా ఉందండీ?" అన్నాను వీపు తిప్పి.

"తెగులు పోయింది అల్లుడుగారూ," అంది తడక వెనక నుంచి. "తోటతో పాటే పోయింది."

మసాకా ప్రాంతంలో చారల తెగులు పూర్తిగా పోయిందని, ఇది రైతులే స్వయంగా చెప్పిన మాట అని నివేదిక రాసి సంతకం పెట్టాను.