ఆర్లిస్ ట్రేలో ఇత్తడి

గురువారం ఉదయం కాఫీ తాగుతూ వెర్లిన్ టాలెఫ్సన్ వేసుకున్న పథకంలో వేలెత్తి చూపడానికి లోపమంటూ లేదు. భార్య ఆర్లిస్ తొమ్మిదింటికి చర్చికి వెళుతుంది. ఆ తరువాత రెండు గంటల్లో రెండు వందల ఇత్తడి గొట్టాలు ఆమె ఓవెన్లో ఆరిపోవాలి. ఆ సంగతి ఓవెన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

పేలిన తూటాల గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి, మళ్ళీ మందు కూరి వాడుకోవడం మోంటానా కొండల్లోని ఆ ఊళ్ళో మగవాళ్ళకి వ్యసనం. అయితే వెర్లిన్ తాతగారి రైఫిల్‌కి పట్టే కొలతను కంపెనీలు చేయడం ఎప్పుడో మానేశాయి. ప్రాణంలా దాచుకున్నవి ఈ రెండు వందలే. వాటిని సబ్బునీళ్ళలో సన్నటి స్టీలు పుల్లలతో కలిపి నిన్నంతా పీపాలో దొర్లిస్తే తళతళలాడుతూ బయటికొచ్చాయి. ఇక ఆరాలి. లోపల చెమ్మ మిగిలిందంటే శనివారం, వేట మొదటి రోజున, జింక ఎదుట తుపాకి టిక్కుమని ఊరుకుంటుంది.

అసలు ఉన్నవి మూడు వందలు. రెండేళ్ళ కిందట వెర్లిన్ లోపల వంద ఆరబెట్టాడని చూసుకోకుండా ఆర్లిస్ క్రిస్మస్ కేకుకని ఓవెన్ వేడెక్కించింది. ఆ వేడికి వంద గొట్టాలూ మెత్తబడి పనికిరాకుండా పోయాయి, కేకు పోయింది, క్రిస్మస్ కూడా పోయింది.

"ఇంకోసారి నా ఓవెన్లో ఇత్తడి కనపడిందా, నువ్వూ నీ గొట్టాలూ కలిసి గరాజ్‌లో కాపురం పెట్టుకోండి," అని ఆమె అప్పుడే తేల్చేసింది. ఆర్లిస్ అన్నదంటే అన్నదే.

ఆ రోజు పాస్టర్ ఎంగెన్‌గారికి పదవీ విరమణ విందు. ఆర్లిస్ పొద్దున్నే మాంసం కూర మీద బంగాళాదుంప ముక్కలు పరిచి వండిన ట్రేని రేకు కాగితం కప్పి ఓవెన్లో సన్నటి వేడిమీద ఉంచింది.

"పదకొండున్నరకి డోరిన్ వచ్చి తీసుకెళ్తుంది. నువ్వు దాని జోలికి వెళ్ళకు, మహానుభావా."

"నాకేం పని దానితో?" అన్నాడు వెర్లిన్, పసిపిల్లాడి మొహం పెట్టి.

ఆమె కారు మలుపు తిరిగిందో లేదో, కూర ట్రే బయటికొచ్చి పొయ్యిమీద తువ్వాలు కప్పుకుంది. అలాంటిదే ఇంకో ట్రే అల్మారాలోంచి దిగింది. విందుల్లో ట్రేలు తారుమారవుతాయని ఆ ఊరి ఆడవాళ్ళు ప్రతిదానికీ పేరు రాసిన టేపు అంటిస్తారు. దీనికీ 'ఆర్లిస్ టి.' అని ఉంది. గొట్టాలను కదలడానికి సందు లేకుండా బోర్లా నిలబెట్టాడు. ఎవరైనా ఓవెన్ తలుపు తీసినా అనుమానం రాకూడదని పైన రేకు కాగితం కూడా కప్పాడు. తన తెలివికి తానే మురిసిపోతూ, మురికినీళ్ళలోంచి స్టీలు పుల్లలు అయస్కాంతంతో ఏరడానికి గరాజ్‌లోకి వెళ్ళాడు.

పక్కింటి డోరిన్‌కి ముందుగా రావడం అలవాటు, తలుపు తట్టడం అలవాటు లేదు. పదిన్నరకే వచ్చింది, ఓవెన్ తెరిచింది, పేరు చూసింది, పట్టుకుపోయింది.

పదకొండింటికి వెర్లిన్ ఓవెన్ తెరిస్తే లోపల గాలి తప్ప ఏమీ లేదు. ఇది డోరిన్ పనే. పై ప్రాణాలు పైనే పోయాయి. పొయ్యిమీది కూర ట్రే చంకలో ఇరికించుకుని ట్రక్కులో చర్చికి పరుగెత్తాడు.

చర్చి కింది హాల్లో పొడుగాటి బల్ల మీద పాతిక ట్రేలు. అన్నీ ఒకే సైజు, అన్నిటికీ రేకు కాగితమే. పేర్లున్న వైపు గోడకి తిరిగి ఉంది. చేసేది లేక వెర్లిన్ ఒక్కొక్కదాని మూల ఎత్తి తొంగిచూడసాగాడు.

"ఏం వెర్లిన్, ప్రార్థనదాకా ఆగలేవా?" అంది ఒకావిడ.

"పాపం, ఆర్లిస్ డైటింగ్ మొదలెట్టిందట. ఇంట్లో సరిగ్గా పెట్టట్లేదేమో," అంది ఇంకొకావిడ. మూడో ఆవిడ జాలిపడి అతని చేతిలో బన్ను పెట్టింది.

గుసగుసలు ఆర్లిస్ చెవిన పడ్డాయి. ఎర్రబడిన మొహంతో వచ్చింది. "ఏంటిది, పరువు తీస్తున్నావ్? ఆ చంకలోదేంటి? నా కూర కదూ! మరి డోరిన్ తెచ్చిందేంటి? నేను చేసింది ఒక్కటేగా?"

వెర్లిన్ చేతిలో బన్ను మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. అంతలో ప్రార్థన అయిపోయింది. పాస్టర్‌గారు చేతులు రుద్దుకుంటూ బల్ల అవతలికి నడిచారు.

"ఇరవై ఏళ్ళుగా నా మొదటి ముద్ద ఆర్లిస్ చేతిదే. ఇవాళ మాత్రం తప్పుతుందా?" అంటూ టేపు మీద పేరు వెతికి, రేకు కాగితం లాగేశారు.

రెండు వందల ఇత్తడి గొట్టాలు దీపాల కింద ధగధగమన్నాయి.

ఆ కొలత రైఫిల్ ఊళ్ళో ఉన్నది ఇద్దరి దగ్గరే. ఒకటి వెర్లిన్‌ది, రెండోది పాస్టర్‌గారికి తండ్రి నుంచి వచ్చింది. గొట్టాల్లేక అది ఆరేళ్ళుగా గోడకి వేలాడుతోంది. ప్రతి వేటకాలంలోనూ పాస్టర్‌గారు "కనీసం ఇరవై ఇవ్వు నాయనా" అని అడగడం, వెర్లిన్ "నాకే చాలవండీ" అని తప్పించుకోవడం మామూలే.

పాస్టర్‌గారు ఒక గొట్టం తీసి అడుగున కొలత చూశారు.

"కడిగి... ఆరబెట్టి... ఇంకా వెచ్చగా ఉన్నాయర్రా! ఏటా కాదంటూ వచ్చింది ఈ రోజు కోసమా వెర్లిన్? అన్నీ నాకేనా?"

"అంటే... సగం..." అని గొణిగాడు వెర్లిన్. చప్పట్లలో ఆ సగం ఎవరికీ వినపడలేదు. పాస్టర్‌గారు వచ్చి గట్టిగా వాటేసుకున్నారు. ఆ పెద్దాయన కన్నీళ్ళు మెడమీద పడుతుంటే వెర్లిన్‌కి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా ప్రేమ కిందే జమైంది.

"అన్నీ మీకేనండీ," అన్నాడు చివరికి. ఇంకేమనగలడు?

తన కారు చర్చి దగ్గరే వదిలేసి, ఇంటికెళ్ళే దారంతా ఆర్లిస్ ట్రక్కులో ముక్కు చీదుతూనే ఉంది. "ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను గానీ నీ మనసు తెలుసుకోలేకపోయాను. కూర తక్కువవకుండా అదీ తెచ్చావు! ట్రేలన్నీ చూసింది గొట్టాల ట్రేని ఆయన ముందు పెట్టాలనేగా? నేనేమో తిట్టాను. ఇకమీదట ఆ ఓవెన్ నీదే, వెర్లిన్. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆరబెట్టుకో. కాకపోతే ముందు దాన్ని శుభ్రంగా తోమి పెట్టు."

శనివారం తెల్లవారకముందే ఊళ్ళో మగవాళ్ళంతా కొండెక్కారు. వెర్లిన్ ఓవెన్ తోమాడు.