మూడో పెడలు

జ్ఞానాంబ డాక్టరమ్మను పాకాల సమాధుల తోటలో సమాధి చేసి తిరిగి వస్తుంటే ఆమె పికప్ ట్రక్కు దారిలో ఆగిపోయింది. ఆసుపత్రి నడిపిన అమెరికా మిషను దొరలు వెళ్ళిపోతూ ఆమెకు వదిలిన పాత బండి అది. గేర్లు తనంతట తానే మార్చుకునేది. ఆ గేరుపెట్టె కూడా ఆ రోజే పోయింది. మద్రాసులో సైతం దానికి సామాను దొరకలేదు. డాక్టరమ్మ తమ్ముడు జయరావు మాస్టరు చివరికి దాన్ని చిత్తూరు మెకానిక్కు కుప్పుస్వామికి అప్పగించి, మామూలు గేరుపెట్టె బిగించమన్నాడు.

ఆమె పోయి ఏడాది నిండిన రోజున ఏర్పాటు తేలికైనదే. జయరావు, ఆమె డ్రైవరు పెంచలయ్య పొద్దున బస్సులో చిత్తూరు వెళ్ళాలి. ఆమె పేరు చెక్కిన రాయిని అప్పటికే బండిలోకి ఎక్కించి ఉంచారు. నాలుగు గంటల ప్రార్థనకు దాన్ని పాకాల చేర్చాలి. ఆమె స్థానంలో వచ్చే కొత్త డాక్టరు అక్కడే పెంచలయ్యను చూసి, పనిలో ఉంచుకునేదీ లేనిదీ చెబుతానన్నాడు.

పెంచలయ్య పద్దెనిమిదేళ్ళలో బండిని ఎక్కడా తగిలించలేదు. ఎడమ కాలు సీటు మీద మడిచి, భోజనానికి కూర్చున్నట్టు కూర్చుని తోలేవాడు. ఆ దర్జా ఇంకే డ్రైవరుకూ లేదని ఊళ్ళో పేరు.

కుప్పుస్వామి షెడ్డులో అతను బండి తలుపు తీసి, కిందికి చూసి, తలుపు మళ్ళీ వేసేశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నా వల్ల కాదు సార్."

జయరావు తల తిప్పుకున్నాడు. ఏడాదిగా తాను ఎవరితోనూ అనలేకపోయిన మాట అది. కుప్పుస్వామి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎదుటి టీకొట్టు అక్కమ్మ కళ్ళు తుడుచుకుని టీ తెచ్చింది.

"అది కాదు సార్. ముందర రెండే ఉండె. ఇప్పుడు మూడుండాయి."

"పాపం, లెక్క గూడా తప్పుతుండాడు," అంది అక్కమ్మ.

అతను వివరించబోయిన కొద్దీ వాళ్ళ గుండెలు కరిగాయి. పక్క షెడ్లవాళ్ళు చేరారు. ఎవరో స్టీరింగుకు కనకాంబరాల దండ చుట్టారు. డాక్టరమ్మ కోసం మనసు దిటవు చేసుకోమని చెప్పి, నలుగురూ రెక్కలు పట్టుకుని అతన్ని సీట్లో కూర్చోబెట్టారు. పెంచలయ్య అలవాటు ప్రకారం ఎడమ కాలు మడిచి, తాళం తిప్పాడు.

బండి కప్పలా ఎగిరి, అక్కమ్మ బెంచీని పడగొట్టి ఆగింది. వెనక రాయి అంచుదాకా జారింది. జయరావు పరుగెత్తి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. అది పడేదే అయితే ఆయన ఆపగలిగేవాడు కాదు.

"క్లచ్చు తొక్కలేదేమప్పా?" అన్నాడు కుప్పుస్వామి.

"క్లచ్చంటే యాదప్పా?"

కుప్పుస్వామి తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. జయరావు, మరి లైసెన్సు ఎలా వచ్చిందని అడిగాడు. పరీక్షకు వచ్చిన ఇన్‌స్పెక్టరు గేరు లేని బండిని ఎన్నడూ చూడలేదట. సంబరంగా తానే తోలుకుని, దిగి సంతకం పెట్టాడట.

"అమ్మకు తెలుసు సార్. మొదట్లో రెండు కాళ్ళతో తొక్కి, అమ్మ తలను అద్దానికి కొట్టించినాను. 'ఆ కాలితో నీకు పని లేదు పెంచలయ్యా, పైన పెట్టుకో' అన్నాది. అప్పుట్నించి పైనే ఉండాది."

అబద్ధమాడిన పిల్లలను ముప్పై ఏళ్ళుగా బెంచీ ఎక్కించిన జయరావు చాలాసేపు రాయి వైపు చూశాడు.

"అక్క పద్దెనిమిదేళ్ళు దాచింది. మనం ఇంకో ఇరవై మైళ్ళు దాచుదాం."

కుప్పుస్వామి సీటు ముందు నేల మీద ముడుచుకుని, మూడో పెడలును రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని మీద రాయికి చుట్టిన గోనెపట్టా కప్పారు. లోపలి నుంచి "రెండు" అని వినిపిస్తే జయరావు గేరు లాగేవాడు. "మూడు" అంటే మళ్ళీ లాగేవాడు. స్టీరింగు పెంచలయ్యది. పూతలపట్టు దగ్గర గోనెపట్టా తుమ్మింది. ఎదురుగా వస్తున్న ఎద్దులబండివాడు ఆ తుమ్ము విని, వెనక సమాధిరాయి చూసి, దిగి దండం పెట్టాడు.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా బండి సమాధుల తోట చేరింది. కొత్త డాక్టరు కిటికీలోంచి మడిచిన కాలు చూసి నిలబడిపోయాడు.

"ఇది క్లచ్చు బండే కదా? కాలు దించకుండానే తోలుకొచ్చారే!"

"అలవాటు సార్," అన్నాడు పెంచలయ్య.

డాక్టరు అక్కడికక్కడే అతన్ని ఉంచుకుంటానన్నాడు. ఆ వింత డ్రైవరును చూడటానికి జనం బండి చుట్టూ మూగారు, కదలలేదు. జయరావు ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి అక్క పేరు పైకి పలికాడు.

రాయి దించారు, నాటారు. కుప్పుస్వామిని దించడం ఒక్కటే మిగిలింది.