పిలుపుకు ఇద్దరు సాక్షులు

దేవుడు మనుషుల్ని పిలవడం అనాదిగా జరుగుతున్నదే. ఆ పిలుపు చెల్లుతుందో చెల్లదో తేల్చే అధికారం మాత్రం, ముప్ఫైల నాటికి, ఏలూరులో ఒక మిషన్ బంగళా వరండాలో సమావేశమయ్యే పాదిరీలు కాబోయే వేదవిద్యార్థుల ఎంపిక సంఘానికి దఖలుపడింది. దేవుడు మండుతున్న పొదలోంచి మోషేను పిలిచిన కాలానికి ఈ సంఘం ఇంకా ఏర్పడలేదు. (ఏర్పడి ఉంటే, ఆ పొద ఎవరి స్థలంలో ఉందో ముందు కరణం చేత రాయించుకు రమ్మనేది.)

ఈ సంఘం ముందుకు విక్టోరియా వచ్చింది. మద్రాసులో బి.ఏ. చదివి, ఏలూరు బాలికల పాఠశాలలో పాఠాలు చెప్పేది. సెలవొస్తే తాటిదోనె ఎక్కి కొల్లేటి లంకలకు పోయి, అక్కడి ఆడవాళ్ళతో కూర్చుని బైబిలు చదివేది. ఒకసారి మంగాయమ్మ అనే ముసలామె, వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"మా మనవడు బాప్తిస్మం ఇప్పించేలోపే జొరమొచ్చి పోయాడమ్మా. ఆడిప్పుడు ఎక్కడున్నాడంటావు?"

విక్టోరియా తిరిగొచ్చి ఇద్దరు పాదిరీ అయ్యగార్లను అడిగితే మూడు జవాబులు వచ్చాయి. ఇక లాభం లేదని, పట్టభద్రులకు వేదాంతంలో పై డిగ్రీ చెప్పే దక్షిణాది కళాశాలలో తానే చేరి తేల్చుకోవాలనుకుంది. కళాశాలకు పోవాలంటే సంఘం సిఫార్సు కావాలి. సంఘం దాకా పోవాలంటే గుమాస్తా ప్రసాదరావు బల్ల దాటాలి.

ప్రసాదరావు మర్యాదస్తుడు. దరఖాస్తును రెండు చేతులతో అందుకుని, రెండు చేతులతోనే తిరిగి ఇచ్చేశాడు.

"భార్య పేరు అన్నచోట మీరు విశ్వాసం అని రాశారండీ."

"మా ఆయన పేరండీ."

"భార్య పేరు కావాలండీ."

"నాకు భార్య ఎలా ఉంటుందండీ?"

"అయితే బ్రహ్మచారి అని రాయండి. ఖాళీగా వదిలితే మాత్రం కుదరదండీ," అన్నాడు ప్రసాదరావు, ఆమె ఇబ్బంది చూసి నిజంగానే నొచ్చుకుంటూ.

తరువాత పిలుపు దగ్గర ఆగింది. దేవుడు పిలిచినప్పుడు పక్కనుండి విన్నవాళ్ళు ఇద్దరు సంతకాలు చేయాలి. మరోసారి లంకల నుంచి దోనెలో ఒక్కతే వస్తున్నప్పుడు ఆ ఆలోచన పుట్టిందని విక్టోరియా చెప్పింది. దోనె నడిపినవాడు విన్నాడా అని ప్రసాదరావు అడిగాడు. అతను తెడ్డు వేస్తూ పాట పాడుతున్నాడని చెప్తే, పాట ఏమిటో కూడా రాసుకున్నాడు. (సువార్త పాట అయ్యుంటే అరసాక్ష్యం కింద తీసుకునే వీలుంది. కాలేదు.)

ఆమెకు బాప్తిస్మం ఇచ్చిన దేవసహాయం అయ్యగారు చింతలపూడికి బదిలీ అయ్యారు. ఆయన చేత నడవడి పత్రం రాయించడానికి ఆమె బస్సులో సగం దూరం, బస్సు చెడిపోయాక ఎడ్లబండిలో మిగతా సగం పోయింది. ఆరోగ్య పరీక్షకు తాడేపల్లిగూడెం వెళ్ళింది. అక్కడి డాక్టరుగారు ప్రసంగించే కంఠం ఉందో లేదో పరీక్షించాలని, ఆసుపత్రి ఆవరణ ఆ చివర నిలబడి ఒక కీర్తన చదవమన్నారు. ఆమె చదివింది. మంచాల మీద పడుకున్న రోగులు లేచి కూర్చున్నారు. డాక్టరుగారు ఆలోచించి, 'కంఠం బహు గంభీరం. అయితే ఆడకంఠం' అని రాసిచ్చారు.

ఇంత చేశాక, సాక్షుల సంగతి తరువాత చూద్దామని సంఘం ఆమెను పిలిచింది. అధ్యక్షుడు దొరగారు, కార్యదర్శి నిత్యానందంగారు. అడగడానికి వాళ్ళ దగ్గర ప్రశ్న ఒక్కటే ఉంది.

"మీరు చదువుకు పోతే ఇంట్లో వంట ఎవరమ్మా చేసేది?" అన్నారు నిత్యానందంగారు.

"మా ఆయన వండుకుంటారండీ. నాకన్నా బాగానే వండుతారు."

సంఘం దీర్ఘంగా నిట్టూర్చి తీర్మానించింది: సోదరి ఆసక్తి మెచ్చదగినది; కళాశాలలో స్త్రీలకు ప్రవేశం ఒకే దారిన కలదు, అది విద్యార్థి భార్యగా; అట్టివారికి కుట్టుపని, ఇంటి శుభ్రత, హార్మోనియం నేర్పబడును.

విక్టోరియా తిన్నగా కాలువ లాకుల దగ్గరకు నడిచింది. ఆమె భర్త విశ్వాసం అక్కడ గుమాస్తా. స్కూల్ ఫైనల్ తప్పినవాడు. పడవలు, నీళ్ళు, సర్కారు జీతం, సాయంత్రం చేపల పులుసు తప్ప ఈ లోకంలో గానీ పరలోకంలో గానీ ఏమీ కోరనివాడు.

"ఏవండీ, మీరు అయ్యగారు అవుతారా?"

విశ్వాసం లాకు తలుపు పడిపోయిందన్నంత కంగారుగా చూశాడు. "పదిమందిలో నిలబడితే నాకు కాళ్ళు వణుకుతాయని నీకు తెలుసు కదా!"

"తెలుసండీ. పుస్తకాలు నేను చదువుతాను. మీరు పక్కనుంటే చాలు."

"మరి ఈ ఉద్యోగం?"

ఆమె గట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆమె ఏడవడం అతను చూడలేదు. "వణికితే వణికాయిలే," అన్నాడు.

అతని దరఖాస్తు ప్రసాదరావు బల్ల మీద ఆగనే లేదు. భార్య పేరు ఉంది కదా. గూడెం డాక్టరుగారి ముందు నోరు పెగలకపోతే ఆయన 'మృదువైన కంఠం. గాంభీర్యం చదువుతో వచ్చును' అని రాశారు. సంఘం ముందు మాత్రం విశ్వాసం అబద్ధం ఆడదలుచుకోలేదు.

"నీకు పిలుపు ఎప్పుడు వచ్చినది?" అన్నారు దొరగారు.

"రాలేదండీ."

"ఎంత వినయం!" అన్నారు నిత్యానందంగారు.

"మరి సాక్షులు?"

"రానిదానికి సాక్షులెందుకండీ?"

ఈ మాటలో న్యాయముందని సంఘం ఒప్పుకుంది. డిగ్రీ లేదంటే యేసు శిష్యుడు పేతురు మాత్రం ఏ కాలేజీలో చదివాడని దొరగారే ఎదురడిగారు. ఎందుకు చేరుతున్నావంటే "మా ఆవిడ చేరమందండీ" అన్నాడు. ఆదర్శ క్రైస్తవ కుటుంబమని రాసుకున్నారు. టీ చల్లారేలోపు ఎంపికైపోయాడు.

కళాశాలలో విశ్వాసం పగలు తరగతిలో కూర్చుని విన్నదంతా బెదురుబెదురుగా రాసుకొచ్చేవాడు. విక్టోరియా అది చూసి, పుస్తకాలు తిరగేసి, అతని వ్యాసాలు రాసేది. ఆమెకిచ్చిన కుట్టుపని మాత్రం ముందుకు సాగేది కాదు. ఒక సాయంత్రం విశ్వాసం మొహమాటపడుతూ, "ఇటివ్వు, చూస్తాను," అని సూది అందుకున్నాడు. వల అల్లే ఇంట పుట్టినవాడి చేతికి దారం వెంటనే లొంగింది. అతనికి ఆ చదువులో మొట్టమొదటిసారి సంతోషం కలిగింది. ఏడాది చివర భార్యల కుట్టుపని ప్రదర్శనలో విక్టోరియాకు, వేదాంతంలో విశ్వాసానికి మొదటి బహుమతులు వచ్చాయి. దంపతులు ఇద్దరూ వేదిక మీద తలలు దించుకుని నిలబడ్డారు. (ఆ వినయాన్ని కూడా ప్రిన్సిపాలుగారు మెచ్చుకున్నారు.)

చదువు ముగిశాక విశ్వాసం అయ్యగారై లంకలకు వచ్చాడు. వణికే కాళ్ళను బల్ల చాటున దాచుకుని, ఆమె రాసిన ప్రసంగాలు చదివేవాడు. రాసిందెవరో లంకల్లో అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కాదు. మంగాయమ్మ గుడిసెకు విక్టోరియా ఒక్కతే వెళ్ళింది. చదివిన గ్రంథాలన్నిట్లో ఆ ప్రశ్నకు ఎన్ని జవాబులున్నాయో, వాటిలో ఏ రెండూ ఎందుకు కలవవో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు.

"నాకు ఖాయంగా తెలీదు మంగాయమ్మా," అంది. "పసివాణ్ణి బయట నిలబెట్టే దేవుడైతే మాత్రం, ఆయన కోసం నేనింత తిరిగేదాన్ని కాదు."

ముసలామె వల పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తరువాత లంకల ఆడవాళ్ళు తమకు వారం వారం బైబిలు తరగతి కావాలని, అది విక్టోరియా అమ్మగారే చెప్పాలని సంఘానికి విన్నవించుకున్నారు. సంఘం ప్రత్యేకంగా సమావేశమై విషయాన్ని అన్ని కోణాల నుంచి పరిశీలించింది. వేదాంతంలో శిక్షణ లేనివారికి అంతటి బాధ్యత అప్పగించలేమని విచారం తెలియజేస్తూ, ఆమె రోజూ కాసేపు భర్తగారి దగ్గర కూర్చుని నేర్చుకోవలసిందని ప్రేమపూర్వకంగా సలహా ఇచ్చింది.