శాంభవిగారి సంబంధాల అప్పగింత

సంబంధాలు కంపెనీ ఆస్తి అని 1998 వేసవిలో ధాత్రీ మోటార్ల యాజమాన్యం ఉత్తర్వు జారీ చేసింది. అంతకుముందు విజయవాడ గవర్నర్‌పేట ఆఫీసులో కంపెనీ ఆస్తి అంటే ఒక జీపు, కొన్ని టైపు మిషన్లు, చప్పుడు తప్ప గాలి రాని ఒక ఫ్యాను. ఇకమీదట ఉద్యోగులు రైతులతో పెంచుకున్న స్నేహం, అభిమానం, ఆప్యాయత కూడా ఆ కోవలోకే వస్తాయి. అవి బ్రాంచి మేనేజరు కుర్చీకి చెందుతాయి. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వారికి సంక్రమిస్తాయి. ఉత్తర్వు చదివి ఎవరూ నవ్వలేదు. జీతం ఇచ్చేవారి ఉత్తర్వులు చదివి నవ్వే అలవాటు మన జిల్లాలో లేదు.

ఇంతటి దూరదృష్టి యాజమాన్యానికి ఊరికే కలగలేదు. దానికి కారణం శాంభవి.

శాంభవి ఆ కంపెనీలో పొలాలకు నీళ్లు తోడే మోటార్లు అమ్మేది. మగ ఉద్యోగులు ఊళ్లోకి వెళ్తే వసారాలో కుర్చీ వేయించుకుని, ఇంటి పెద్దాయనతో రాజకీయాలు మాట్లాడి, ఆయన "ఇంట్లో అడిగి చెబుతానండీ" అనగానే లేచి వచ్చేసేవారు. ఆ అడగాల్సిన మనిషి ఎక్కడుంటుందో చూద్దామని వారికి ఏనాడూ తోచలేదు. శాంభవి నేరుగా పెరట్లోకి వెళ్లి ఆవిడతోనే మాట్లాడేది.

పామర్రు అమలమ్మ మోటారు కొంటానంటే పొలం చూసొచ్చి, "మీ మడికి కాలవ నీళ్లు చక్కగా ఎక్కుతున్నాయి పిన్నిగారూ, డబ్బు తగలేసుకోకండి" అంది. ఇది అమ్మకాల శాస్త్రానికి పూర్తిగా విరుద్ధం. అమలమ్మ ఆ మాట ఊరంతా చెప్పింది. నిజంగా నీళ్లందని శివారు పొలాలవాళ్లు శాంభవి పేరు చెప్పి అడుగుతూ ఆఫీసుకు వచ్చారు. నాట్లవేళ మోటారు కాలిపోతే మెకానిక్కును వెంటబెట్టుకెళ్లి, బాగయ్యేదాకా గట్టుమీదే కూర్చునేది. ఉయ్యూరు రాజ్యలక్ష్మి కూతురి సీమంతానికి గాజులు పట్టుకెళ్లింది. ఏదో అమ్ముదామని కాదు, పిలిచారని వెళ్లింది. మోటార్లు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఇంతలో మేనేజరు పదవి ఖాళీ అయింది. ఆ కుర్చీ తనదేననుకుంది శాంభవి. అనుకోవడమేమిటి, బందరు రోడ్డు బస్సుల్లో అన్నేళ్లు నిలబడి తిరిగింది దానికోసమే. ఇంటర్వ్యూలో యజమాని జానకిరామయ్యగారు ఎంతో ఆదరంగా అడిగారు.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారమ్మా?"

"ఆకలైనవాళ్లు చేసుకుంటారండీ."

ఈ జవాబులో నాయకత్వ లక్షణాలు లోపించాయని కమిటీ గుర్తించింది. తర్వాత లోపలికి వెళ్లిన విశ్వేశ్వర్‌ను క్రికెట్ గురించి అడిగారు. అతనిలో ఆ లక్షణాలు పుష్కలంగా కనిపించాయి. అతను జానకిరామయ్యగారి మేనల్లుడు కావడం అతని దురదృష్టమనీ, అంతమాత్రాన అర్హుడికి అన్యాయం జరగకూడదనీ కమిటీ భావించింది.

కుర్చీ విశ్వేశ్వర్‌కు దక్కింది. అతని అభినందన సభలో జానకిరామయ్యగారు ప్రసంగించారు. "అమ్మా శాంభవీ, నువ్వు ఈ సంస్థకు ఆడపడుచువి. ఆడపడుచుకి పదవులెందుకమ్మా, గౌరవం చాలదూ? వ్యాపారమంటే సంబంధాలు. నువ్వు సంపాదించినవన్నీ మా విశ్వానికి అప్పగించు. మిగతాది వాడు చూసుకుంటాడు." ఆ మేరకు ఉత్తర్వు కూడా పంచారు. చప్పట్లు మోగాయి. శాంభవి కూడా కొట్టింది. ఇంటికెళ్లి కుళాయి విప్పుకుని ఏడ్చింది. తెల్లారేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది. ఉత్తర్వు తీసి మళ్లీ చదివింది. ఈసారి ఆమెకు నవ్వొచ్చింది.

ఆ వారమే విశ్వేశ్వర్‌ను జీపెక్కించుకుని ఉయ్యూరు వెళ్లింది. రాజ్యలక్ష్మి ఇంట్లో చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరారు. కబురందుకుని పామర్రు నుంచి అమలమ్మా వచ్చింది.

"ఇకనుంచి మీ మంచీ చెడూ ఈయనే చూస్తారు. మిమ్మల్ని ఈయనకి అప్పగించమని కంపెనీవాళ్లు చెప్పారు" అంది శాంభవి.

"అప్పగింతంటే నోటిమాటతో అయ్యేది కాదమ్మాయ్, దానికో పద్ధతుంది" అని రాజ్యలక్ష్మి లోపలికెళ్లి పళ్లెంలో పాలు తెచ్చింది.

పెళ్లికూతురిని ఎలా అప్పగిస్తారో మీకు తెలియంది కాదు. ఆ పిల్ల చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. అలాగే ఒక్కొక్కరూ పాలలో చేతులు ముంచి విశ్వేశ్వర్ చేతుల్లో పెట్టారు. అమలమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది. "మావల్ల తప్పులుంటే కడుపులో పెట్టుకో నాయనా" అంది. విశ్వేశ్వర్ దీన్ని 'కస్టమర్ మీట్' అని రిపోర్టు రాశాడు. టై కొస పాలలో మునిగిన సంగతి రాయలేదు.

పాలలో చేతులు ముంచి పుచ్చుకున్నాక ఇంటిమనిషే కదా. ఇంటిమనిషికి ఏ పనులు చెప్పాలో డెల్టాలో ఎవరికీ నేర్పక్కర్లేదు. అమలమ్మ కంటి పరీక్షకు విజయవాడ వచ్చి, మేనేజరు బల్లమీద సంచీ పెట్టి, "పద నాయనా" అంది. రాజ్యలక్ష్మి వన్‌టౌన్‌లో జాకెట్టు గుడ్డ తీసి పంపమని చీర కొంగు ముక్క పంపింది. అతను పంపిన గుడ్డ రంగు కలవలేదని తిప్పి పంపింది. కంకిపాడులో ఒక అత్తాకోడలూ మాటలు మానేస్తే మధ్యవర్తిగా పిలిచారు. ఇద్దరిదీ తప్పేనన్నాడు. ఇద్దరూ అప్పటికప్పుడు ఒకటైపోయి అతన్ని తిట్టారు. ఇన్ని పనులు చెప్పినవారిలో మోటారు కొంటానని మాత్రం ఎవరూ అనలేదు. ఎవరికి అవసరమో, ఎవరికి అక్కర్లేదో అతను చెప్పలేకపోయాడు. అందరికీ పెద్దదే కావాలన్నాడు.

చివరికి అతను గది తలుపు గడియ పెట్టుకున్నాడు. అంతే, బందరు రోడ్డు పొడవునా ఆడవాళ్లు బస్సెక్కి వచ్చి ఆఫీసులో బైఠాయించారు. జానకిరామయ్యగారు పరుగున వచ్చారు.

"పాలల్లో ముంచి పుచ్చుకుని ఇప్పుడు తలుపేసుకుంటాడా అండీ? ఇదేం మర్యాద?" అని రాజ్యలక్ష్మి నిలదీసింది. "మీరు పెద్దవారు, మీరే తేల్చండి. అంతదాకా మేం ఇక్కడే ఉంటాం. స్టవ్ ఎక్కడుందండీ?"

ఆయన శాంభవిని పక్కకు పిలిచారు. "వీళ్లని మళ్లీ నువ్వే తీసుకోమ్మా."

"అయ్యో, ఎలాగండీ? సంబంధాలు కుర్చీవని మీరే ఉత్తర్వు ఇచ్చారు. కుర్చీ లేకుండా తీసుకుంటే కంపెనీ ఆస్తి కాజేసినదాన్ని అవుతాను. కుర్చీతో కలిపైతే తీసుకుంటానండీ."

జానకిరామయ్యగారు గడియ పెట్టిన తలుపు వంక చూశారు. లోపలినుంచి "ఇచ్చేయండి మావయ్యా" అని వినిపించింది. ఆయన సంతకం పెట్టారు. టీకని తెప్పించిన పాలు పళ్లెంలో పోసి, తంతంతా అక్కడే మళ్లీ జరిపించారు. తిరుగు అప్పగింతలో అందరికంటే గట్టిగా ఏడ్చింది విశ్వేశ్వరే. ఆనందంతో ఏడ్చాడు.

మర్నాటి సభలో జానకిరామయ్యగారు స్త్రీశక్తిని తాను మొదటినుంచీ నమ్ముతున్నానని సెలవిచ్చారు. విశ్వేశ్వర్‌ను హైదరాబాదు పంపారు. అక్కడ అతను 'ఆత్మీయతతో అమ్మకాలు' అనే అంశంమీద కొత్త ఉద్యోగులకు శిక్షణ ఇస్తున్నాడు. పాలపళ్లెం పద్ధతి తానే కనిపెట్టానని చెబుతాడట. మొదటి తరగతికి రమ్మని శాంభవికి ఆహ్వానం కూడా వచ్చింది, నేర్చుకోవడానికి. ఆవిడ వెళ్లలేదు. నాట్లు మొదలయ్యాయి, మేనేజరుగారు ఏదో గట్టుమీద ఉన్నారు.

ఇంతదాకా చదివిన మీకు ఒక సందేహం మిగిలే ఉంటుంది. పొద్దస్తమానం ఊళ్లు తిరిగే శాంభవి ఇంట్లో ఇంతకీ వంట ఎవరు చేసేవారని. మా బంధువులకు ఈ కథ వినిపిస్తే వారూ అదే అడిగారు. విశ్వేశ్వర్ ఇంట్లో ఎవరు చేసేవారో కూడా ఈ కథలో ఎక్కడా లేదు. అది మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.