కరుణాకరం కారు కొక్కెం

శనివారం పొద్దున కరుణాకరం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య రూబీ స్కూలు వ్యానెక్కి వెళ్ళగానే ఆమె కారు బయటికి తీయాలి. మార్కాపురం వెళ్ళి దాని వెనక ఒక కొక్కెం వేయించాలి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో దిగి ఉన్న చర్చి గంటను చిన్న ట్రైలరు మీదికి ఎక్కించి, ఆ ట్రైలరును కొక్కేనికి తగిలించి, సాయంత్రం రూబీ ఇల్లు చేరేలోపు పడమటి రాళ్ళపల్లెకు తెచ్చేయాలి. అంతే. ఇంత చిన్న ప్లానుకు దారి పొడుగునా జనం ఏడుస్తారని ఎవరు మాత్రం అనుకుంటారు?

కారు తెల్లటి చిన్న ఎస్‌యూవీ. రూబీ టీచరుగారి సొంతం. "బంపరు మీద గీత పడిందంటే నీకూ నాకూ మాటల్లేవు" అని కొన్న రోజే మొగుడికి చెప్పిపెట్టింది. కరుణాకరం మండలాఫీసులో గుమాస్తా. మంచివాడే గానీ ఫోన్లో వీడియోలు చూస్తాడు. వాటిలో విదేశాలవాళ్ళు కారు వెనక పడవ తగిలించుకొని పోతుంటారు, గుర్రాల్ని తగిలించుకొని పోతుంటారు. ఒకాయనైతే ఏకంగా ఇల్లే తగిలించుకొని పోయాడు. "ఇల్లు రూబీ! కిటికీలతో సహా!" అని కరుణాకరం ఆ రోజు అన్నం తినడం కూడా మరిచిపోయాడు. అప్పటి నుంచి కొక్కెం లేని కారును చూస్తే అతనికి మొలతాడు లేని పిల్లవాడిని చూసినట్టే ఉండేది.

గంట కథ వేరు. పాత గంట బీటలు వారిందని కొత్తది ఇస్తానన్నది కరుణాకరం తల్లి ఎలీషబా. మిరప కోతల్లో నడుం వంచిన మనిషి, మాట మాత్రం ఎవరి ముందూ వంచలేదు. "ఇంత ఊరికి అంత పెద్ద గంటెందుకమ్మా?" అని పాస్టరుగారు అడిగితే, "వాగు దాటి ఇనపడాల" అంది. వాగు అవతల ఎవరున్నారో పాస్టరుగారితో సహా అందరికీ తెలుసు. అవతల తూర్పు రాళ్ళపల్లె ఉంది. అందులో రాఘవమ్మ ఉంది.

ఎలీషబా, రాఘవమ్మ ఒకే ముఠాలో పక్కపక్క సాళ్ళలో మిరపకాయలు కోసినవాళ్ళు, ఒక సద్ది గిన్నెలో తిన్నవాళ్ళు. ఒకసారి రాఘవమ్మ ఎలీషబా రుబ్బురోలు పొత్రాన్ని అరువడిగి తీసుకుపోయి పగిలినదాన్ని తెచ్చి ఇచ్చింది. "ఇదేంది వదినా?" అంటే "నువ్వు ఇచ్చినప్పుడే పగిలుండె" అంది. ఆ మాటతో ఆరేళ్ళుగా మాటల్లేవు. ఎలీషబాకు పొత్రం పోయినందుకు బాధ లేదు, రాఘవమ్మ పోయినందుకే. అయినా పోయి పిలవదు. గంట వినపడితే అదే వస్తుంది, రాకపోతే దాని ఖర్మ. ఆదివారం ప్రతిష్ఠ పండగకు రాఘవమ్మ వాగు దాటి వస్తుందా రాదా అన్నదే ఆ ముసలామె గుండెల్లో ఉన్న ఒకే ఒక్క దిగులు.

సంఘపెద్దలు గంటను ట్రాక్టరు ట్రాలీలో తెప్పిస్తామన్నారు. కరుణాకరం ఒప్పుకోలేదు. "మా అమ్మ గంట మా బండి మీదే రావాల" అన్నాడు. అలా అతను మార్కాపురంలో ట్రాక్టరు ట్రాలీలు వెల్డింగు చేసే మల్లేష్ షాపు ముందు తేలాడు.

మల్లేష్ ఫోన్లో వీడియో చూశాడు, కారు చూశాడు, మళ్ళీ వీడియో చూశాడు. "కారుకు ఎప్పుడూ ఎయ్యలేదన్నా. అయినా కొక్కెం కొక్కెమే గదా" అన్నాడు. తర్వాత ట్రాక్టరుకు వేసే కొక్కేన్నే తెచ్చి చిన్న కారు కిందికి దూరాడు. బంపరుకు రంధ్రాలు పడుతుంటే కరుణాకరానికి పళ్ళు జివ్వుమన్నాయి, రూబీ మొహం కళ్ళ ముందు కదిలింది. కానీ పని పూర్తయి మల్లేష్ పక్కకు తప్పుకోగానే భయమంతా పోయింది. అబ్బ! ఏం కొక్కెం! నల్లగా, లావుగా, సినిమా విలను మీసంలా మెలి తిరిగి ఉంది. రోడ్డు మీద పోయేవాళ్ళు నలుగురు ఆగి చూశారు. "దీనికి కొండను తగిలిచ్చినా వస్తాది" అన్నాడొకాయన. కరుణాకరం దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కొక్కేన్ని మెల్లగా చేత్తో తడిమాడు.

వైరింగు దగ్గర కాస్త తిరకాసైంది. కారు వెనక లైట్ల నుంచి వైర్లు లాగి ట్రైలరు లైట్లకు కలిపాక, కారు ఎడమకు సైగ చేస్తే ట్రైలరు కుడికి సైగ చేసింది. మల్లేష్ వైర్లు మార్చాడు. ఈసారి బ్రేకు తొక్కితే ట్రైలరు కుడికి తిరుగుతానంది. మళ్ళీ మార్చాడు. మొదటికొచ్చింది.

"ఒక పని చెయ్యన్నా, అన్నీ ఒక్కసారే ఎయ్యి. నాలుగు పక్కలా ఎలుగుతాంటే తప్పెక్కడుంటాది?" అన్నాడు మల్లేష్ చివరికి.

"అవును గదా!" అని కరుణాకరం అతని తెలివికి నిర్ఘాంతపోయాడు.

ట్రైలరు ఒక టెంటుహౌసువాళ్ళు జనరేటరు కోసం వాడేది. దాని రింగు కొక్కేనికి వదులైంది. ముందుకు కదిలితే ఒకసారి, ఆగితే ఒకసారి టక్కుమని గుంజుతుంది. "సర్దుకుంటాది" అన్నాడు మల్లేష్. గంట ఊగి గీతలు పడకుండా ట్రైలరంత పొడుగున పెట్టె ఆకారంలో ఇనుప చట్రం వెల్డింగు చేసి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెంట వచ్చి దాని మధ్యన గంటను వేలాడదీశాడు. గంట నాలుకను గోనె తాడుతో కట్టాడు. ప్రతిష్ఠకు ముందు ఎవరి కంటా పడకూడదని పాస్టరుగారు చెప్పారు గనక కరుణాకరం చట్రం మొత్తానికీ కొత్త తెల్లగుడ్డ కప్పించాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు హమాలీ ఒకాయన, దేవుడి వస్తువు ఒట్టిగా పంపకూడదని, దాని మీద చామంతి దండ వేసి దండం పెట్టాడు.

తెల్ల కారు. వెనక పొడుగాటి పెట్టె. దాని మీద తెల్లగుడ్డ, పూలదండ. నాలుగు పక్కలా ఆరుతూ వెలుగుతున్న లైట్లు. ఇవన్నీ ఎవరికి ఏమని చెబుతాయో కరుణాకరానికి తట్టలేదు. అతనికి కనిపించేది కొక్కెం ఒక్కటే.

ఊరు దాటగానే మొదటి స్పీడుబ్రేకరుకు గోనె తాడు తెగింది. గంట "ఠంగ్" మంది. బరువుకు కారు వెనక్కి కుంగి ముందుభాగం ఆకాశం వైపు లేచింది గనక కరుణాకరం నడక వేగంతోనే పోతున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా కొక్కెం టక్కుమంటుంది, గంట ఠంగ్‌మంటుంది. గుంతకూ గుంతకూ మధ్య కొంచెం దూరం ఉంటుంది. ఆ వైపు పల్లెల్లో చర్చి గంట గబగబా మోగితే ప్రార్థనకు రమ్మని. ఒక్కొక్క దెబ్బే ఆగి ఆగి పడితే ఎవరో పోయారని.

రైల్వే గేటు దగ్గర గేటుమాను అప్పుడే గేటు వేయబోతున్నవాడు, బండిని చూసి చేయి ఆపేశాడు. "ఏ ఊరు సార్?" అన్నాడు మెల్లగా. "పడమటి రాళ్ళపల్లె. చర్చి కాడికి" అన్నాడు కరుణాకరం. గేటుమాను టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "పోండి సార్, నిదానంగా పోండి."

కరుణాకరం ఆశ్చర్యపోయాడు. కొక్కేనికి ఇంత మర్యాదా! ఆ తర్వాత చూడండి. ఎదురొచ్చిన లారీ పక్కకు దిగి దారిచ్చింది. మేకలు తోలుకుపోయే ముసలాయన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అద్దాలు బిగించి ఏసీ వేసుకున్న కరుణాకరం అందరికీ తలూపుతూ పోయాడు. పక్క అద్దంలో చూస్తే వెనక జనం! పొలాల్లోంచి, ఇళ్ళలోంచి వచ్చి చేతులు కట్టుకొని, తలలు వంచుకొని ట్రైలరు వెంట నడుస్తున్నారు. అతని కళ్ళు చెమర్చాయి. తన ప్రాంతంవాళ్ళకు యంత్రాల మీద ఇంత భక్తి ఉందని ఇన్నేళ్ళు తనకు తెలియనే తెలియదు.

తూర్పు రాళ్ళపల్లెలో బండి ప్రవేశించేసరికి రాఘవమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. ఠంగ్. తలెత్తింది. ఠంగ్. బండి చూసింది. ఎలీషబా కోడలి కారు. తోలుతున్నది ఎలీషబా కొడుకు. వాడి కళ్ళ వెంట నీళ్ళు. వెనక తెల్లగుడ్డ కప్పిన పెట్టె.

చేట చేతిలోంచి జారి కందులన్నీ మట్టిలో పడ్డాయి. "ఎలీషబా వదినా!" అని ఆమె వేసిన కేక ఊరంతా విన్నది, అద్దాలు బిగించుకున్న కరుణాకరం తప్ప. చెప్పులు కూడా వేసుకోకుండా ట్రైలరు వెంట పరుగెత్తింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. ఎవరి కోసం ఏడుస్తున్నారో అప్పటిదాకా తెలియనివాళ్ళకు కూడా అప్పుడు పేరు తెలిసింది.

సరిగ్గా వాగు వంతెన మీద స్కూలు వ్యాను ఆ గుంపు వెనక చిక్కుకుంది. రూబీ కిటికీలోంచి తొంగి చూసింది. జనం తలల మీదుగా కనిపించింది తన కారు పైకప్పు, పూలదండ. "మీ అత్తగారంటమ్మా" అన్నారెవరో. రూబీ బ్యాగు వ్యానులోనే వదిలేసి దిగి పరుగెత్తింది. అత్తతో ఆ పొద్దున కూడా పోట్లాడి వచ్చిన సంగతి తలచుకొని మరీ ఏడ్చింది.

ఇవతల, చర్చి పక్కనే ఉన్న తమ ఇంట్లో, ఎలీషబా తెల్లచీర కట్టుకొని మంచం మీద కూర్చొని ఉంది. వాగు అవతల నుంచి "ఠంగ్" అని వినపడింది. ఆమె లేచి నిలబడింది. "దాటింది! వాగు దాటి ఇనపడింది!" అని పక్కింటావిడ చేయి పట్టుకొని చిన్నపిల్లలా ఊపింది. అక్కడి నుంచి ఇక్కడికి వినపడితే ఇక్కడి నుంచి అక్కడికీ వినపడుతుంది గదా. అంతలో గంట చప్పుడు మధ్యలో ఒక గొంతు వినిపించింది. ఆరేళ్ళయినా ఆ గొంతును ఆమె మరిచిపోలేదు. అది ఏడుస్తోంది, తన పేరు పెట్టి ఏడుస్తోంది.

ఎలీషబాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. బయట నోరు తెరవబోయిన తన ఊరివాళ్ళకు వేలు పెదవి మీద పెట్టి సైగ చేసి, తలుపు దగ్గరికి వేసి, దాని వెనక నిలబడింది.

రాఘవమ్మ వచ్చి గడప ముందు కూలబడింది. "నన్నిడిసిపెట్టి పోతివా వదినా! నా సాలు గూడా నువ్వే కోసిపెడితివి గదే! నీ సద్దిలో పచ్చడి నాకే పెడితివి గదే! ఆరేండ్లు నీ మొగం సూడకపోతిని గదే!" ఒక్కొక్క మాటకూ జనం ముక్కులు చీదుతున్నారు. తలుపు వెనక ఎలీషబా కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి. ఇంక ఆగలేక తలుపు మీద చేయి వేసింది. అప్పుడు రాఘవమ్మ గుండెలు బాదుకొని అంది.

"నీ పొత్రం పగలగొట్టింది నేనే గదే వదినా! బాయికాడ జారిడిసి, ముందే పగిలుండెనని అబద్ధం జెప్తిని గదే!"

ఎలీషబా చేయి తీసేసింది. ఇంకా ఏముందో విందామని.

ఆ పక్కనే రూబీ కుప్పకూలింది. "అత్తమ్మా, నీ టీవీ రిమోటు పోలేదు! నేనే బియ్యం డబ్బాలో దాచిపెట్టినా!"

అప్పుడే కారు దిగి, ఈ గోలంతా ఏమిటో తెలియక నిలబడ్డ కరుణాకరానికి ఒక్క సంగతి మాత్రం అర్థమైంది. ఇది తప్పులు ఒప్పుకునే సమయం. ఇంతకంటే మంచి అదను మళ్ళీ దొరకదు. "రూబీ, బంపరుకు రంధ్రాలు ఏయించింది నేనే" అన్నాడు గబగబా.

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఇన్నారు గదా! అందరూ ఇన్నారు గదా!" అంటూ ఎలీషబా బయటికొచ్చింది.

జనం ఒక్కసారిగా వెనక్కి తూలారు. మేకల ముసలాయన "ప్రభువా!" అని మోకాళ్ళ మీద పడ్డాడు. దేవుడి లీల కళ్ళారా చూశామని ఆయన వెంట ఇంకొంతమంది పడ్డారు. రాఘవమ్మ కూలబడిన చోటు నుంచే ముందుకు జరిగింది. ఎలీషబా పాదాలు తాకి చూసింది, చేయి గిల్లి చూసింది. తర్వాత కొంగు బిగించింది.

"సావలేదా నువ్వు?"

"నేనెందుకు సస్తా?"

"అయితే నేను సెప్పింది సెల్లదు! సచ్చిన మనిషికి సెప్పినా. మనిషి సావనే లేదు!"

"ఏడుపు సెల్లుతాదా?"

రాఘవమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఎలీషబా ఆమె చెయ్యి పట్టుకొని ట్రైలరు దగ్గరికి నడిపించింది. తెల్లగుడ్డ లాగేసింది. ఎండలో గంట ధగధగ మెరిసింది. అంత గంటను అక్కడెవరూ ఎప్పుడూ చూడలేదు. ఏడుపులన్నీ ఆగిపోయాయి.

"ఇంత పెద్దది ఎవరి కోసరం తెప్పిచ్చినాననుకుంటివి? నువ్వుండేది వాగవతల. చిన్నదైతే నీకు ఇనపడదని" అంది ఎలీషబా.

రాఘవమ్మ కొంగు నోట్లో కుక్కుకొని మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఎలీషబా కూడా ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చి ఏడ్చి, పొత్రం గురించి ఇంకాసేపు వాదించుకొని, ఒకే కంచంలో అన్నం కలుపుకున్నారు. వెనకాల రూబీ కారు చుట్టూ తిరిగి కొక్కెం చూసింది, బంపరు చూసింది, రిమోటు సంగతి గుర్తొచ్చి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. కరుణాకరం బతికిపోయాడు.

ఇప్పుడు ఆ గంట ప్రతి ఆదివారం గబగబా, ప్రార్థనకు కొట్టినట్టే మోగుతుంది. అయినా అది ఆగగానే ఎలీషబా ఫోను మోగుతుంది. "ఏమే, ఈసారన్నా పోయింది నువ్వేనా?" అంటుంది రాఘవమ్మ.