పంపని ప్రపోజల్‌కు కృతజ్ఞతా కూడిక

ఆ శనివారం ఏసురత్నం పెట్టుకున్న పని ఒక్కటే. టీ తాగి, పదింటికి కంప్యూటరు ముందు కూర్చుని, ప్రపోజల్ పంపేయడం. ల్యాబ్ టెక్నీషియన్ల జాతీయ సదస్సు ఈసారి నాగపూర్‌లో. అక్కడ ముప్పావుగంట సెషన్ నడుపుతామనేవాళ్లు ఆ సాయంత్రం ఐదింటిలోగా ప్రపోజల్ పంపాలి. మూడేళ్లుగా ఆయన పంపుతున్నాడు, మూడేళ్లుగా వాళ్లు చింతిస్తున్నామని రాస్తున్నారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఆ అవకాశం. మార్చిలో ఆయన రిటైరవుతాడు. ఇరవైతొమ్మిదేళ్లు సికింద్రాబాద్‌లో ఒకే ఆస్పత్రిలో రక్తం తీసిన మనిషికి, ఆ విద్య నలుగురికి చెప్పి దిగిపోవాలని ఉంది. అంతకుమించి ఆశ లేదు.

తొమ్మిదిన్నరకు బోయిగూడలోని ఆయన ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. డ్రైవరు ప్లాస్టిక్ కుర్చీలు దించసాగాడు.

"ఎవరింటికి బాబూ?"

"గీ ఇంటికే సార్. ఏసురత్నం సార్ ఫంక్షన్ అంట."

"ఏసురత్నం నేనే. నాకు ఫంక్షన్ ఏంటి?"

"మీకే తెల్వకపోతే నాకేం తెలుస్తది? జెర పక్కకు జరుగుండ్రి సార్."

కుర్చీల వెనకాల మార్త వచ్చింది. పోయిన భార్య ప్రేమమణికి ఆవిడ అక్క, చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆవిడ వెనకాల బిర్యానీ గిన్నె వచ్చింది. గిన్నె వెనకాల ఫ్లెక్సీ వచ్చింది. 'జాతీయ సదస్సులో ప్రసంగించుటకు ఎన్నికైన మన ఏసురత్నం గారికి అభినందనలు' అని దాని మీద ఉంది. ఫొటో పెళ్లినాటిది. పక్కనున్న ప్రేమమణిని కత్తిరించేశారు గానీ, ఆమె చేతి గాజులు రెండు అంచున మిగిలిపోయాయి. అవి కనబడేసరికి ఏసురత్నం కోపం సగానికి దిగింది.

"వదినా, ఎన్నికవడమేంటి? నేనింకా పంపనే లేదు!"

"నెల కిందటే రాసేశానన్నారుగా మరిదిగారూ?"

"రాశాను. రోజూ ఒక మాట మారుస్తున్నాను."

"అదేం తెలుసు నాకు? ప్రార్థనకి పెట్టాను. నమ్మి అడిగాక కృతజ్ఞత ముందే చెప్పాలి కదా, మొన్న ఆదివారం అదీ చెప్పించాను. అది విని పాస్టర్‌గారు మీరు సెలక్టయ్యారనుకున్నారు. ఆయన చెబితే మన కుర్రాళ్లు ఫ్లెక్సీ కొట్టించారు. ఫ్లెక్సీ వచ్చాక నేనూ అయిపోయిందనే అనుకున్నాను!"

"నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే ప్రార్థన కూడిక వద్దంటారు. ముందు ఆ చొక్కా మార్చుకోండి, జనం వచ్చేస్తున్నారు."

కూతురు జెనిఫర్ ల్యాప్‌టాప్ పట్టుకుని గుసగుసలాడింది. "నాన్నా, గదిలోకి రా. రెండు నిమిషాల్లో పంపేద్దాం. ఎవరికీ తెలీదు."

లోపలి గదిలోకి వెళ్లాలంటే ముందు గది దాటాలి. ముందు గదిలో అప్పటికే పాట మొదలైంది. పాట తరువాత బైబిల్ వాక్యం. వాక్యం తరువాత పాస్టర్ షాలేమ్ లేచి, "ఇప్పుడు మన సహోదరుడు, ఎన్నికైన ఆ ప్రపోజల్ చదివి సాక్ష్యం చెబుతారు" అన్నారు.

ఏసురత్నం కాగితం తీశాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ చదివాడు. "రక్త నమూనా సేకరణలో నాణ్యతా ప్రమాణాల పరిరక్షణ: ఒక సమగ్ర దృక్పథం..." మూడో వాక్యానికి ముందు వరసలో కాలేబు తాతకు నిద్ర పట్టింది. ఐదో వాక్యానికి పాస్టర్‌గారు గడియారం చూసుకున్నారు.

అప్పుడు ఏసురత్నం తల ఎత్తాడు. ఎదురుగా గోడ మీద ఫ్లెక్సీ, దాని అంచున ఆ గాజులు. వాటి ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"ఇది ఎన్నిక కాలేదండీ. అసలు నేనింకా పంపనే లేదు. ఐదింటిదాకా గడువుంది."

అందరూ పాస్టర్‌గారి వైపు చూశారు. కాలేబు తాత మాత్రం నిద్రలోంచి "ఆమేన్" అన్నాడు.

పక్కింటి బుచ్చమ్మ నోరు విప్పింది. ఆమె ఏ కూడికకూ రాదు. కుర్చీలు చూసి వచ్చింది. "పంపకపోవుడే మంచిదైంది రత్నం. ఒక్క ముక్క సమజ్ కాలే. గింతసేపు చదివినవ్, గందులో సూది ఏడున్నది?"

"సూదా?"

"మొన్న నాకు రక్తం తీసినవ్ కదా. గప్పుడు గిట్లనే మాట్లాడినవా? 'ఏం కూర వండినవ్ బుచ్చమ్మా' అన్నవ్. గోంగూరల కారం ఎక్కువైందని నేను చెప్తుండంగనే పనైపాయె. గది రాయరాదు?"

మార్త గట్టిగా నవ్వింది. "మా చెల్లినీ అదే అడిగారు! జ్వరమొచ్చి రక్తం ఇవ్వడానికి వెళ్తే, తోటకూర అని చెప్పింది. ఆర్నెల్లకి పెళ్లి."

"అది మాత్రం రాయకండి," అన్నారు పాస్టర్‌గారు. "కుర్ర టెక్నీషియన్లు చెడిపోతారు."

మార్త వెళ్లి గిన్నె పక్కన నిలబడింది. "ప్రపోజల్ వెళ్లేదాకా మూత తీసేది లేదు."

ఆకలితో ఉన్న నలభైమంది చేతుల్లో పెద్ద మాటలు ఎక్కువసేపు బతకలేదు. 'సమగ్ర' మొదటి నిమిషంలోనే పోయింది. ఇది ఎవరి కోసమని పాస్టర్‌గారు అడిగారు. కొత్తగా చేరి, చేతులు వణికే పిల్లల కోసమన్నాడు ఏసురత్నం. వచ్చినోళ్లు ఏం పట్టుకుపోతారని బుచ్చమ్మ అడిగింది. సూదికి భయపడేవాళ్లను అడగడానికి మూడు ప్రశ్నలు, రబ్బరు పట్టీ కట్టే వేళకు ఏది అడగాలో తెలివిడి అన్నాడాయన. ముప్పావుగంటా మీరే మాట్లాడతారా అని మార్త అడిగింది. కాదు, ఇద్దరిద్దరు కూర్చుని ఒకరినొకరు అడిగి చూస్తారు. జెనిఫర్ అన్నీ ఇంగ్లీషులో టైపు చేసి, పైన పేరు పెట్టింది: 'ఈ రోజు ఏం కూర?'

ఒంటిగంటా నలభైకి ప్రపోజల్ వెళ్లింది. ఒంటిగంటా నలభై ఒకటికి మూత లేచింది. అందరూ వెళ్లాక ఏసురత్నం ఫ్లెక్సీని మడిచి బీరువా వెనక దాచాడు.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. జెనిఫర్ రెండుసార్లు చదివి వినిపించింది. 'మీ పాత ప్రపోజల్స్‌లో మీ చదువు కనిపించింది. ఇందులో రోగి కనిపించాడు. మొదటి రోజు మొదటి సెషన్ మీదే.'

ఏసురత్నం లేచాడు. బీరువా వెనక నుంచి ఫ్లెక్సీ తీసి, దుమ్ము తుడిచి, గాజులున్న అంచు పైకి కనబడేలా తనే గోడకు కట్టాడు. తరువాత మార్తకు ఫోన్ చేశాడు.

"వదినా, సెలక్టయింది! ఈ ఆదివారం మళ్లీ బిర్యానీ పెడదామా?"

"దేనికండీ? కృతజ్ఞత చెప్పేశాం, జనం తినేశారు. ఇంక మీరు వెళ్లి మాట్లాడి రావడమేగా మిగిలింది!"

మిగిలిన ఆ చిన్న పని కోసం ఏసురత్నం మర్నాడే నాగపూర్‌కు టికెట్ తీసుకున్నాడు.