ఓనరుతో సహా

పాత స్పోర్ట్స్ కారు కొంటే దాని పాత ఓనరు కూడా వెనక సీట్లో కూర్చుని వెంట వస్తాడు. రవాణా శాఖ నిబంధనే అది. స్టెప్నీ లేకపోయినా బండి చేతులు మారుతుందేమో గానీ, ఓనరు లేకుండా మారదు. ఆ కార్లలో వెనక సీటు పేరుకే గనక, పాపం, వాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటారు. బండితోపాటు వాళ్లకీ ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

కొత్తది కొనే స్తోమత లేక, ఇదంతా తెలిసే శశిభూషణరావు బెజవాడ ఆటోనగర్‌కి వచ్చాడు. చదువు నాన్న చెప్పింది, పెళ్లి మేనమామ కుదిర్చింది, ఉద్యోగమంతా పై అధికారి చూపించిన చోట సంతకం. రిటైరయ్యాక ఒక్క కోరిక మిగిలింది. చెవి దగ్గర ఎవరూ నస పెట్టకుండా తన కారు తనిష్టమొచ్చినట్టు తోలుకోవాలి.

బ్రోకరు మస్తాన్‌వలి రెండు బళ్లు చూపించాడు. పసుపుదాంట్లో ఇద్దరు ఓనర్లు. తలుపు తియ్యగానే అందుకున్నారు.

"క్లచ్చి మీద కాలు పెట్టి ఉంచమాకండి."

"ఆయన మాట వినకండి. క్లచ్చి తగలేసిందే ఆయన."

ఎర్రదాంట్లో ఒక్కడే. పెద్దాయన. చేతులు ఒళ్లో పెట్టుకుని పెదవి విప్పడం లేదు.

శశిభూషణరావుకి అక్కడే అనుమానమొచ్చింది. ఇంజను చప్పుడు చెవిపెట్టి విన్నాడు. ప్యాంటు మాసిపోతున్నా బండి కిందకి దూరాడు. వంక పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు. ఇంత మంచి బండిని, తనతో సహా, ఎవడైనా ఎందుకు అమ్ముకుంటాడు?

"యాక్సిడెంట్ బండా?"

"ఒట్టు సార్, గీత కూడా పళ్లా."

"పోనీ, ఈయనకేమన్నా జబ్బా?"

"మొన్నే ఫిట్‌నెస్ అయింది. నోట్లో నాలిక లేని మనిషి సార్. ఇట్టాంటి ఓనరు మళ్లీ దొరకడు."

ఇంతలా పొగుడుతున్నాడంటే ఏదో మతలబు ఉండే ఉంటుంది. అయినా ఆ నిశ్శబ్దానికి ఆశపడి ఎర్రదే కొన్నాడు.

బైపాస్ ఎక్కగానే రోడ్డు ఖాళీ. ఎనభై, తొంభై. వెనకనుంచి మాట లేదు. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! వంద దాటాక కూడా ఎవరూ ఏమీ అనకపోయేసరికి, ఏదో తప్పు చేస్తున్నట్టనిపించింది. అద్దంలోకి చూశాడు. పెద్దాయన ఊరికే చూస్తున్నాడు. ఇక ఉండబట్టలేక వేగం తగ్గించాడు.

"ఏమండీ, నిజం చెప్పండి. బండెందుకు అమ్మేశారు?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నేను దీన్ని షోరూంలో కొత్తగా కొన్నానండీ. వెనక సీటు ఖాళీ. ఆపమనీ పొమ్మనీ చెప్పే దిక్కు లేదు. భయమేసింది."

శశిభూషణరావుకి అనుమానం తీరిపోయింది. ముందు ఇసుక లారీ ఒకటి ఈడుస్తూ పోతోంది. పక్కనంతా ఖాళీయే. ఇండికేటర్ వేశాడు గానీ స్టీరింగ్ తిప్పలేదు.

"దాటమంటారా?" అని అద్దంలోకి చూసి అడిగాడు.

పెద్దాయన ఆలోచనలో పడ్డాడు. ఎర్ర కారు ఇండికేటర్ వేసుకునే, లారీ దుమ్ము తింటూ గుంటూరు దాకా వెళ్లింది. అక్కడ లారీ ఆగింది గనక వీళ్లూ ఆగారు.